రెండో మచ్చు

మా ఇంట్లో ఎవరికి ఒంట్లో బాగోకపోయినా ఆస్పత్రికి నన్ను తోడు తీసుకెళతారు. నాకు వైద్యం తెలుసని కాదు, బేరమాడతానని. సత్తెనపల్లిలో మాది చీరల కొట్టు. మంగళగిరి, చీరాల నేతచీరలు అమ్ముతాం. మా నాన్న కొట్టు మీదే ఇల్లు కట్టాడు కాబట్టి కొట్టుకీ ఇంటికీ తేడా తెలియకుండా పెరిగాను. చిన్నప్పుడు మా అమ్మ ఇంకో ముద్ద తినమంటే, తింటే ఏమిస్తావని అడిగేవాణ్ణట. ఇప్పటికీ ఎవరు ఏం చెప్పినా దాన్ని మొదటి మాటగానే వింటాను. ఆఖరి మాట ఇంకెక్కడో కిందుంటుందని నా నమ్మకం. ఈ నమ్మకం వల్ల నేను బాగుపడింది తక్కువ, నవ్వులపాలైంది ఎక్కువ.

మా బావకి మొదటిసారి స్కానింగు తీయించిన రోజున కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయితో, "చూడమ్మా, పొట్ట మొత్తం అక్కర్లేదు. కుడివైపు ఒక్కటే తీయండి, దానికి తగ్గట్టు వేసుకోండి" అన్నాను. ఆ అమ్మాయి నవ్వలేదు, కోప్పడలేదు.

"అంకుల్, సగం తీసే మిషను ఇంకా రాలేదండి" అంది.

లైనులో వెనక నిలబడ్డవాళ్లు మాత్రం హాయిగా నవ్వుకున్నారు. మా బావ కుర్చీలో వెనక్కి వాలి, "వీడు నా బామ్మర్ది కాదమ్మా. దారిలో ఎక్కాడు" అన్నాడు.

బావంటే మా అక్క భర్త. గుంటూరు మిర్చి యార్డులో కమీషన్ వ్యాపారి. పల్నాడు నుంచీ ప్రకాశం నుంచీ రైతులు తెచ్చిన టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, వరసగా పేర్పించి, కొనేవాళ్లకి చూపించి, మంచి ధర పలికించడం ఆయన పని. గొంతు పెద్దది. ఆయన మాట్లాడుతుంటే చేతిలో ఆ ఫోను ఎందుకా అనిపిస్తుంది. టీ తప్ప వేరే అలవాటు లేదు. ఆ టీ కూడా చక్కెర లేకుండా తాగుతాడు, అదేదో త్యాగమైనట్టు మొహం పెట్టుకుని.

కొన్నాళ్లుగా ఆయనకి ఆకలి తగ్గింది. బెల్టు రంధ్రాలు లోపలికి జరుగుతున్నాయి. ఎండల వల్ల అనుకున్నాం, యార్డులో పని ఎక్కువైందనుకున్నాం. స్కానింగులో లివర్లో గడ్డ కనపడింది. సూదితో చిన్న ముక్క తీసి పరీక్షకి పంపారు. క్యాన్సరని వచ్చింది.

లివరు క్యాన్సరని బంధువుల్లో పొక్కేసరికి అందరికీ ఒకటే అనుమానం. పలకరించడానికి వచ్చినవాళ్లు మా అక్కని వంటింట్లోకి తీసుకెళ్లి, "ఎప్పట్నించీ అలవాటమ్మా?" అని గొంతు తగ్గించి అడిగేవాళ్లు. ఆ ఇంట్లో వంటింటికీ హాలుకీ మధ్య గోడ సగమే ఉంటుంది. బావకి అన్నీ వినపడేవి.

"చుక్క ముట్టకుండానే తాగుబోతునయ్యాను రా" అన్నాడు నాతో. "ఈ పేరు ఎలాగూ వచ్చేదని ముందే తెలిస్తే నలుగురితో కలిసి సరదాగా కూర్చునేవాణ్ణి. యార్డులో ఎంతమంది పిలిచారు."

"ఇప్పుడైనా మించిపోలేదు బావా."

"నోర్ముయ్. మీ అక్క వింటుంది."

మా అక్క విననే వింది. చేతిలో గరిటెతో వచ్చి ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, ఒక్క మాటా అనకుండా వెళ్లిపోయింది. తిట్టి ఉంటే మాకు కాస్త తేలిగ్గా ఉండేది.

అసలు కథ ముక్క పరీక్ష తర్వాత మొదలైంది. మా కేసు చూసే డాక్టరమ్మ వయసులో చిన్నదే, మాటలో నిదానం. బావనీ అక్కనీ నన్నూ కూర్చోబెట్టి, వచ్చిన రిపోర్టుకీ స్కానింగులో గడ్డ కనపడుతున్న తీరుకీ పొంతన కుదరడం లేదంది. రక్తపరీక్ష కూడా రిపోర్టుకి సాక్ష్యం చెప్పడం లేదట.

"ముక్కలో కనపడింది లివరు కణాల క్యాన్సర్ అండి. స్కానింగు చూస్తే వేరే రకం కూడా ఉందేమో అనిపిస్తోంది. ఇంకోవైపు నుంచి ఇంకో ముక్క తీయాలి" అంది.

"ఇంకో రకమేంటమ్మా? లివరు ఒకటేగా" అన్నాను నేను.

ఈ మాట అన్నాక నాకే నవ్వొచ్చింది. చీరలన్నీ ఒకటేగా అని ఎవరైనా మా కొట్టు మెట్టెక్కితే వాళ్లకి మంచినీళ్లు కూడా ఇవ్వను. మా బావ ఇంకా నయం, మిరపకాయలన్నీ ఎర్రగానే ఉంటాయిగా అన్న ఒక పెళ్లికొడుకు తరఫువాణ్ణి పందిట్లోనే నిలబెట్టి పాఠం చెప్పాడు. తేజ వేరు, బాడిగ వేరు. ఒకటి కారానికి, ఒకటి రంగుకి. దాని బదులు దీన్ని మరలో పోస్తే కూర పాడవుతుంది, పేరూ పోతుంది.

డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. లివర్లోనే పుట్టే క్యాన్సర్లు అన్నీ ఒక జాతివి కావట. ఎక్కువమందిలో లివరు కణాల నుంచే పుడుతుంది. కొందరిలో లివరు లోపల పైత్యరసం మోసే సన్నటి గొట్టాల గోడల్లోంచి పుడుతుంది. కొద్దిమందిలో రెండూ కలిసి ఒకే గడ్డలో ఉంటాయి. బయటికి గడ్డ గడ్డలాగే ఉంటుంది, లోపల నడిచే కథ వేరు. మొదటి రకానికి వాడే మందు రెండో రకానికి పనిచేయకపోవచ్చు.

బావ ముందుకి జరిగి కూర్చున్నాడు. సరుకు మాట వచ్చిందంటే ఆయన మనిషే మారిపోతాడు.

"మొదటి ముక్క ఎక్కణ్ణుంచి తీశారమ్మా?"

"అంచు నుంచండి. లోపలికి వెళ్లే దారిలో పెద్ద రక్తనాళం ఉంది. మొదటిసారి దాని జోలికి పోకుండా అందిన చోట తీశాం."

"అంటే టిక్కీ మూతి దగ్గర కాయ చూసినట్టు."

"అలాగే అనుకోండి."

"అడుగున వేరే కాయ ఉంటే మూతి దగ్గర తెలియదు" అని బావ నా వైపు తిరిగి, తనే ఆ డాక్టరమ్మకి వైద్యం నేర్పినట్టు తలూపాడు. ఆవిడ నవ్వింది. అక్క ఊపిరి పీల్చుకుంది. ఒప్పుకున్నాడనే అనుకున్నాం ముగ్గురమూ.

అప్పుడు డాక్టరమ్మ, "ఆ ముక్కని జన్యు పరీక్షకి కూడా పంపిస్తామండి. లివరు కణాల రకంలో జన్యువుల్లో ఎక్కువగా కనపడే మార్పులు కొన్ని ఉంటాయి. గొట్టాల రకంలో కనపడేవి వేరు. వాటిలో కొన్నిటికి సరిగ్గా సరిపోయే మాత్రలు కూడా ఉన్నాయి" అని ఒక కాగితం మీద ఆ జన్యువుల పేర్లు రాసి చూపించింది. అక్షరాలూ అంకెలూ కలిసి లారీ నంబర్లలా ఉన్నాయి.

బావ ఆ కాగితం చూశాడు. చొక్కా సర్దుకుని లేచాడు.

"మా దగ్గర మచ్చు ఒకసారేనమ్మా" అన్నాడు. "మొదటిసారే చెయ్యి లోపలిదాకా పెట్టాల్సింది."

ఆ మాటకి ఎదురు లేనట్టు నమస్కారం పెట్టి బయటికి నడిచాడు.

మచ్చు సంగతి యార్డు బయటివాళ్లకి తెలియదు గనక చెబుతాను. కొనేవాడు టిక్కీ కోయించి, లోపల చెయ్యి పెట్టి, గుప్పెడు కాయలు బయటికి తీస్తాడు. రంగు చూస్తాడు, కాయ విరిచి గింజ చూస్తాడు, తేమ ఎంతుందో నలిపి చూస్తాడు. అది మచ్చు. ఆ గుప్పెడు చూసి మొత్తం లాటుకి ధర చెబుతాడు. చెప్పాక మళ్లీ ఇంకో మచ్చు తీయమంటే ఆ మాటకి రెండే అర్థాలు. నువ్వు కల్తీ చేశావనైనా, చెప్పిన ధర తగ్గించబోతున్నాననైనా. రెండూ అవమానమే. ఒకసారి పెద్ద పార్టీ ఒకాయన రెండో మచ్చు అడిగాడని మా బావ ఆ సీజనంతా ఆయనకి కాయ చూపించలేదు. ఆయన నష్టపోయాడో లేదో తెలియదు గానీ మా బావ మాత్రం నష్టపోయాడు. ఆ నష్టం గురించి ఇప్పటికీ గర్వంగా చెప్పుకుంటాడు.

కాబట్టి ఆయన ఆ మాట అనగానే అక్క నమ్మేసింది. "ఆ పంతం మనిషి అంతే" అని కారులో కళ్లు తుడుచుకుంది. నేనూ సగం నమ్మాను. రెండో ముక్క తీయకపోతే ఏమవుతుందో డాక్టరమ్మ నన్ను పక్కకి పిలిచి చెప్పింది. రకం తేలకుండా మందు మొదలుపెడితే అది గుడ్డిగా వేసినట్టే, ఆ లోపు గడ్డ ఊరుకోదు. అందుకని ఎలాగైనా ఒప్పించే బాధ్యత నా మీద పడింది.

నా బేరాలు మొదలయ్యాయి. ముందు డాక్టరమ్మకి ఫోన్ చేసి, ఒకే పోటుకి రెండు పరీక్షలూ అయ్యేలా చూడమన్నాను. అలాగే చేస్తామండీ, ఒకే ముక్క సరిపోతుంది అందావిడ. అడగకపోయినా అలాగే చేసేవాళ్లని తర్వాత తెలిసింది. నేను మాత్రం పెద్ద రాయితీ సాధించినట్టు ఆ వార్త మోసుకుని గుంటూరు వెళ్లాను.

"సంతోషం" అన్నాడు బావ. "ఇంకేమైనా తగ్గించిందా మీ డాక్టరమ్మ?"

"ఒప్పుకో బావా."

"మచ్చు ఒకసారే."

మరుసటి వారం బయట భోజనానికి తీసుకెళ్లి మెల్లిగా కదిపాను. రెండు ముద్దలు తిని కంచం నెట్టేశాడు. మాట మార్చి పత్తి ధర అడిగాడు. ఆ తర్వాత నేను అమరావతి గుడి మొక్కు మాట ఎత్తాను. "దేవుడి దగ్గరా బేరమేనా? ఆయనకి నీ సంగతి తెలుసు రా" అన్నాడు.

ఇంటికొచ్చి కొట్లో కూర్చుని ఆలోచించాను. చీరలు అమ్మేవాడికి ఒకటి తెలుసు. కొనడానికి వచ్చినావిడ చీర ఒళ్లోకి తీసుకుని, అంచు తడిమి, మడత విప్పి, భుజం మీద వేసుకున్నాక ఉన్నట్టుండి రంగు బాగోలేదంటే, సంగతి రంగు కాదు. రంగు ఆవిడ ముందే చూసింది. మధ్యలో ఇంకేదో తగిలింది. పక్కనున్న తోడికోడలు మొహం కావచ్చు, మొగుడు వాచీ చూసుకోవడం కావచ్చు. అప్పుడు రంగు గురించి వాదించేవాడు అమ్మకం పోగొట్టుకుంటాడు. మచ్చు గురించి వాదిస్తూ నేను చేస్తున్నది అదే. బావ రెండో ముక్క మాట వినగానే లేవలేదు. ముందుకి జరిగి కూర్చుని, ఎక్కణ్ణుంచి తీశారని అడిగాడు. లేచింది జన్యువన్న మాట దగ్గర.

ఆయన్ని సూటిగా అడిగితే చెప్పడు. అసలు కారణం బయటికి రావాలంటే తప్పుడు కారణం అంటగట్టాలి. మర్నాడే యార్డుకి వెళ్లాను.

మధ్యాహ్నం. వేలం అయిపోయి జనం పలచబడ్డారు. కమీషన్ కొట్ల ముందు కాయ ఎర్రగా రాశులు పోసి ఉంది. ఆ ఘాటు అలవాటు లేనివాడు అక్కడ మాట్లాడలేడు, దగ్గుతాడు. నేను రుమాలు ముక్కుకి కట్టుకుని, కళ్లు కారుతూ వెళ్లాను.

"ఏరా, నేను పోయానని ఎవరైనా చెప్పారా? ముందే ఏడుస్తున్నావు" అన్నాడు బావ.

పక్కన కూర్చుని టీ తాగి, మామూలుగా అన్నాను. "అక్కకి నిజం చెప్పేశాను బావా."

"ఏం నిజం?"

"సూదంటే నీకు భయమని. మొదటిసారి నొప్పికి కళ్లనీళ్లు పెట్టుకున్నావని, అందుకే మచ్చు మాట పట్టుకున్నావని. తప్పేముంది, చాలామందికి ఉంటుంది."

ఆయన మొహం చేతిలో కాయ రంగుకి వచ్చింది.

"సూదా? నాకా? వేళ్ల మధ్య టిక్కీ కుట్టే దబ్బనం దిగితే పీకేసి ఇంకో టిక్కీ కుట్టినవాణ్ణి నేను. నాకు భయమని మీ అక్కకి చెప్పావా?"

"మరి ఇంకేముంటుంది బావా?"

ఆయన అటూ ఇటూ చూశాడు. హమాలీలు దూరంగా భోజనాలు చేస్తున్నారు. గొంతు తగ్గించాడు. ఆ గొంతు తగ్గడం నేను వినడం అదే మొదటిసారి. తగ్గించాక అది వేరే మనిషి గొంతులా ఉంది.

"జన్యువంటే ఏంటి రా? వంశమేగా. మా నాన్న కడుపులో గడ్డతోనే పోయాడు. అప్పుడు ఈ పరీక్షలు లేవు, కడుపు జబ్బన్నారు, ఊరుకున్నాం. ఇప్పుడు నాకొచ్చింది. ఆ పరీక్ష చేస్తే ఏం రాస్తారు? ఇది మీ నాన్న దగ్గర్నుంచి వచ్చింది, నీ పిల్లలకి పోతుందని రాస్తారు. వినుకొండలో అమ్మాయి బళ్లో పాఠాలు చెప్పుకుంటోంది, దానికి ఇద్దరు పిల్లలు. అబ్బాయి కోల్డ్ స్టోరేజీ చూసుకుంటున్నాడు. వాళ్లని పిలిచి ఏమని చెప్పమంటావు? మీ నాన్న మీకు ఆస్తి ఎంతిచ్చాడో గానీ ఇది మాత్రం సమానంగా పంచాడు అని చెప్పనా?"

నేను రుమాలు విప్పి కళ్లు తుడుచుకున్నాను. ఘాటు వల్ల కాదు.

"పరీక్ష చేయించుకోకపోతే అనుమానంతో పోతుంది" అన్నాడు. "చేయించుకుంటే తెలిసిపోతుంది. నాకు తెలిశాక వాళ్ల మొహం చూడాలి. నా వల్ల కాదు రా."

ఆయన చెప్పింది తప్పో ఒప్పో నాకు తెలియదు. జన్యువంటే వంశమనే నేనూ అనుకుంటున్నాను. నిజం చెప్పాలంటే ఆయన అంటుంటే నా మేనకోడలి మొహమే నాకూ కనపడింది.

"నాకూ తెలియదు బావా" అన్నాను చివరికి. "కానీ ఇదే మాట ఆ డాక్టరమ్మని అడుగుదాం. అడిగితే సూది దిగదుగా. ఆవిడ అవునంటే నువ్వు లేచి వచ్చేయ్, నేనే కారు తలుపు తీస్తాను."

చాలాసేపు కాయలు చేతిలో ఆడించాడు. "మీ అక్క రాకూడదు" అన్నాడు.

సరేనన్నాను. పొద్దున్నే కారు తీసేసరికి మా అక్క వెనక సీట్లో కూర్చుని ఉంది, ఒళ్లో క్యారేజీ పెట్టుకుని.

"నువ్వెందుకే?" అన్నాడు బావ.

"పిల్లలు మీ ఒక్కరికేనా?" అంది.

ఆవిడకి ఎలా తెలిసిందో నేను అడగలేదు, బావా అడగలేదు.

డాక్టరమ్మ ముందు కూర్చోగానే బావ సూటిగా అడిగేశాడు. "ఆ పరీక్షలో నా పిల్లలకి ఇది వస్తుందని తెలుస్తుందామ్మా?"

ఆవిడకి అప్పుడర్థమైంది. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టింది.

"నేను ముందే చెప్పాల్సిందండి. మేం వెతికే మార్పులు మీరు పుట్టినప్పుడు ఉన్నవి కావు. మీ ఒంట్లో ఒక కణం తర్వాతెప్పుడో చెడింది. ఆ చెడిన కణం పిల్లలు పెట్టి గడ్డయింది. ఆ మార్పు ఆ గడ్డలోనే ఉంటుంది. మీ రక్తంలో ఉండదు, మీ పిల్లల్లోకి వెళ్లదు. చాలావరకు ఇంతే."

మా బావ వ్యాపారి. ఆ ఒక్క మాట ఆయన చెవిలోంచి జారిపోదు.

"చాలావరకు అంటే ఎంతవరకు?"

నేను లోపల మెచ్చుకున్నాను. నేను అడగాల్సింది ఆయనే అడిగాడు.

"కొన్ని కుటుంబాల్లో పుట్టుకతో వచ్చే మార్పు కూడా ఉండొచ్చు. తక్కువమందిలోనే. లేదని మీకు ఉత్తినే మాటివ్వను" అందావిడ. "అందుకే ముక్కతో పాటు మీ రక్తం కూడా తీసి రెండూ పక్కపక్కన పెట్టి చూద్దాం. గడ్డలో ఉండి రక్తంలో లేకపోతే అది మీతో పుట్టింది కాదు."

బావ ఆలోచించాడు. "అంటే విత్తనంలో ఉన్న తప్పా, చేలోకి వచ్చాక పట్టిన తెగులా అని."

"సరిగ్గా అదేనండి."

"తెగులైతే ఆ విత్తనం మళ్లీ వేసుకోవచ్చు."

"నిక్షేపంగా."

"మరి మా నాన్న సంగతి?"

"ఆయన్ని నేను చూడలేదండి. ఆయన గురించి ఇప్పుడు ఏం చెప్పినా అబద్ధమే అవుతుంది. మీ గురించి చెప్పగలను, మీరు ముక్క ఇస్తే."

అక్క క్యారేజీ కింద పెట్టి, "ఒకవేళ రక్తంలోనూ ఉంటే?" అంది.

"ఉంటే పిల్లల్ని ముందునుంచీ చూసుకుంటామమ్మా. ఏటా పరీక్ష చేయిస్తే ఏదొచ్చినా చిన్నగా ఉన్నప్పుడే పట్టుకోవచ్చు. తెలియకపోతే అది కుదరదు."

బావ అక్క వైపు చూశాడు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఏదైనా సంగతి ఆయన ఆవిడని అడిగి చేయడం నేను చూడలేదు. ఆవిడ తల ఊపింది.

"ఒక షరతమ్మా" అన్నాడు బావ. "ఫలితం వచ్చిన రోజున రక్తం సంగతి ముందు చెప్పాలి. మిగతావన్నీ తర్వాత."

"ఒప్పుకున్నాను" అని ఆవిడ చెయ్యి చాపింది. ధర కుదిరినప్పుడు యార్డులో ఎలా చెయ్యి కలుపుతాడో అలాగే కలిపాడు, గట్టిగా. ఆవిడ తర్వాత నొప్పికి వేళ్లు విదిలించుకోవడం చూశాను.

రెండో ముక్క తీసిన రోజున ఆయన ధైర్యంగానే ఉన్నాడు. సూది దింపే డాక్టరుతో, "ఈసారి చెయ్యి అడుగుదాకా పెట్టండి, మూడోది అడిగితే ఇవ్వను" అన్నాడట. బయటికి తీసుకొచ్చాక మత్తులో ఉండి కూడా నన్ను గుర్తుపట్టి, "మీ అక్కకి చెప్పు, ఏడవలేదు" అన్నాడు. నేను ఆస్పత్రి గేటు దగ్గర అరటిపళ్లాయనతో పేచీ పడి డజనుకి ఒకటి కొసరు వేయించుకుని వచ్చాను. బావకి ఆ రోజు ఏమీ పెట్టకూడదన్నారు. పదమూడు పళ్లూ నేనే తిన్నాను, కడుపు నొప్పి వచ్చింది. అక్క రెండు మంచాల మధ్య కూర్చోవాల్సి వస్తుందేమోనని బెదిరిపోయింది.

ఫలితం రావడానికి కొన్ని వారాలు పట్టింది. బావ రోజూ యార్డుకి వెళ్లేవాడు. ఫోన్ మోగితే మాత్రం తన గుమాస్తా కంటే ముందు తనే ఎత్తేవాడు.

పిలుపు వచ్చింది. మళ్లీ అదే గది, అవే కుర్చీలు. డాక్టరమ్మ కాగితాలు ముందు పెట్టుకుని, మాటిచ్చిన ప్రకారం మొదట అదే చెప్పింది.

"రక్తంలో ఏమీ లేదండి. పుట్టుకతో వచ్చిన మార్పేమీ మాకు కనపడలేదు. గడ్డలో ఉన్నది గడ్డలోనే ఉంది."

బావ కుర్చీ ముందుకి జరుపుకున్నాడు. "మళ్లీ చెప్పండమ్మా" అన్నాడు. ఆవిడ మళ్లీ చెప్పింది. ఆయన లేచి నిలబడ్డాడు. రెండు చేతులూ జోడించాడు. "చాలమ్మా. చల్లగా ఉండు" అని గిరుక్కున తిరిగి బయటికి నడిచాడు, జేబులోంచి ఫోన్ తీసుకుంటూ. అక్క చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆయన వెనకే వెళ్లింది. నేను వాళ్ల వెనక, అక్క మర్చిపోయిన సంచీ పట్టుకుని. ముగ్గురమూ లిఫ్టు ఎక్కి కిందికి దిగి గేటు దాకా వచ్చేశాం.

గేటు దగ్గర నా బుర్రకి తట్టింది. అసలు జబ్బు సంగతి ఎవరమూ అడగలేదు.

మెట్లెక్కి పరిగెత్తుకుంటూ వెళ్లాను. డాక్టరమ్మ కాగితాలు అలాగే పెట్టుకుని కూర్చుని ఉంది, తలుపు వైపే చూస్తూ.

"మిగతా సగం ఎవరు వింటారా అనుకుంటున్నానండి" అంది.

కూర్చుని ఆయాసం తీర్చుకుని విన్నాను. రెండో ముక్కలో పైత్యరసం గొట్టాల రకం కణాలున్నాయట. మొదటి ముక్కని మళ్లీ తీసి కొత్తదాని పక్కన పెట్టి చూస్తే, రెండు రకాలూ కలిసిన గడ్డ అని, గొట్టాల రకం పాలే ఎక్కువని తేలిందట. జన్యువుల్లోనూ ఆ వైపు మార్పే కనపడింది. ఆ లారీ నంబర్లలో ఒకదాని కింద ఆవిడ గీత గీసింది. మొదటి రిపోర్టు మీద మొదలుపెడదామనుకున్న మందు ఇప్పుడు మారిపోయింది. ముందు కొన్నాళ్లు సెలైను ద్వారా ఎక్కించే మందులు. అవి సరిపోకపోతే, ఆ గీత గీసిన మార్పుకి సరిపోయే మాత్ర ఒకటి ఉంది. అది అందరికీ పనికొచ్చేది కాదు, మా బావకి పనికొచ్చే అవకాశం ఉంది.

"జబ్బు పోతుందామ్మా?" అన్నాను.

"తగ్గించడానికి గట్టిగా చూద్దాం. పూర్తిగా పోతుందని మాటివ్వలేను. రెండోసారి ఇవ్వకపోయి ఉంటే ఈ మాత్రం కూడా చెప్పలేకపోయేదాన్ని."

ఇది రాస్తున్న రోజుకి ఆ సెలైన్లు నడుస్తున్నాయి. ఎక్కించిన రోజున నీరసంగా పడుకుంటాడు, ఆ తర్వాత లేచి యార్డుకి పోతాడు. గడ్డ పెరగడం ఆగిందన్నారు. దాన్ని మించి ఎవరూ ఏమీ అనలేదు, మేం కూడా గుచ్చి గుచ్చి అడగడం లేదు.

ఫలితం చెప్పిన ఆ రోజు నేను కిందికి దిగేసరికి బావ కారు బానెట్టుకి ఆనుకుని ఫోనులో ఉన్నాడు. అవతల మా మేనకోడలు. రోడ్డు మీద వెళ్లేవాళ్లు ఆగి చూస్తున్నారు, అంత గొంతు.

"నీకేం లేదమ్మా. నీకేం రాదు. నీ పిల్లలకీ ఏం లేదు. విత్తనం మంచిదే. తమ్ముడికి కూడా చెప్పు, వాడు ఎత్తట్లేదు, టిక్కీలు లోపల పెట్టిస్తున్నాడేమో. ఏడుస్తావేంటి, మంచి వార్త చెబుతుంటే?"

అవతల నుంచి ఆ పిల్ల ఏదో అడిగింది. బావ ఆగాడు. నా వైపు చూశాడు, అక్క వైపు చూశాడు.

"నాదా?" అన్నాడు ఫోనులో. "నాది నేను అడగలేదమ్మా. ఉండు, మీ మావయ్య అడిగొచ్చినట్టున్నాడు."

ఫోన్ నా చేతికిచ్చాడు. స్పీకరు పెట్టి బానెట్టు మీద మధ్యలో ఉంచాను. అక్క దగ్గరికి వచ్చింది. బావ చేతులు కట్టుకుని, వేరే ఎవరి సరుకో వేలం వేస్తుంటే వినేవాడిలా తల వంచి నిలబడ్డాడు. నేను మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాను.